దేవుడికి అత్తగారిల్లు, చట్టానికి ఆక్రమణ: అహోబిలం చెంచుల చరిత్ర



కొంచెం పెద్ద పోస్టు ఇది. బస్సులోనో హాస్టల్లోనో తీరిక దొరికినప్పుడు చదవండి. కానీ చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర్లో మనందరికీ ఒక పని ఉంది.

ఆళ్లగడ్డ, రుద్రవరం పక్క పుట్టినోళ్లకు పారువేట గురించి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సంక్రాంతి మరుసటి రోజు, కనుమనాడు, అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి పల్లకిలో బయలుదేరతారు. దాదాపు నలభై రోజులు ఊరూరా తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి, బ్రహ్మోత్సవాలకు, జనాన్ని స్వామి తానే వచ్చి పిలుస్తాడని నమ్మకం. ఆ పల్లకి కదిలేటప్పుడు చెంచులు విల్లంబులతో వచ్చి దానివైపు బాణాలు వేస్తారు. దేవుడి మీద బాణం వేయడమేంది అని కొత్తోళ్లు ఆశ్చర్యపోతారు. మన పక్కోళ్లకు తెలుసు, అందులో భక్తి ఉంది, బంధుత్వమూ ఉంది. స్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులు ఆయనకు అత్తగారింటి మనుషులు.

ఇప్పుడు ఒక్క సంగతి ఆలోచించండి. అదే చెంచు మనిషి, అదే విల్లు పట్టుకొని, మరుసటి రోజు పొద్దున అభయారణ్యంలోకి అడుగుపెడితే ఏమవుతుంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధం తీసుకుపోవడం కూడా నేరమే. గుడి ముందర గౌరవం తెచ్చిన విల్లు, గుడి వెనకాల కొండెక్కితే కేసు తెస్తుంది.

ఈ రెండిటి మధ్య దూరం ఎట్లా వచ్చింది? అదే ఈ పోస్టు.

అడవిలో ముందునుంచీ ఉన్నది ఎవరు

అహోబిలం పేరు చెప్పగానే మఠం, గుళ్లు, రాజుల దానాలు గుర్తొస్తాయి. అవి నిజమే. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికి, శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో అహోబిలం వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు శాసనం ఉంది. కానీ వాళ్లందరికంటే కొన్ని వందల ఏళ్ల ముందే, తమిళ వైష్ణవ కవి తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రం మీద పాశురాలు పాడాడు. ఆయన వర్ణించిన అహోబిలం ఎండకు మండే, మనిషి పోవడానికి భయపడే అడవి. ఆ అడవిలో విల్లు చేతబట్టిన వేటగాళ్లు ఉన్నారు, బాటసారుల గుంపుల మీద పడుతున్నారు, వాళ్ల డప్పుల మోత ఆగకుండా వినిపిస్తోంది. ఆ వేటగాళ్లను ఆయన చెంచులు అనలేదు. కానీ పన్నెండు వందల ఏళ్ల కింద కూడా ఇది మనుషులుండే అడవే అని, ఆ మనుషుల చేతిలో విల్లు ఉండేదని ఆయన పాటే సాక్ష్యం.

ఆ తర్వాత 16వ శతాబ్దంలో అహోబిల మఠం ఏడో పీఠాధిపతి శఠకోప యతి సంస్కృతంలో 'వాసంతికా పరిణయం' అనే నాటకం రాశాడు. నరసింహస్వామికి, అడవి పిల్ల వాసంతికకు పెళ్లి అందులో కథ. అంటే కొండమీద జనం చెప్పుకునే అల్లుడి కథను మఠం కూడా తన పుస్తకంలోకి తీసుకుంది. మనకాలంలో అదే కథ 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి, నాగేశ్వరరావులతో ఇంకోసారి సినిమా అయ్యింది. ఎగువ అహోబిలం నుంచి అడవిలోకి నడిచిపోతే వచ్చే పావన నరసింహస్వామి గుడిలో స్వామి పక్కన ఇప్పటికీ చెంచులక్ష్మే ఉంటుంది.

జనం చెప్పుకునే కథలో నాకు బాగా నచ్చే భాగం ఒకటుంది. స్వామి వచ్చి పిల్లనడిగితే చెంచులు వెంటనే ఇయ్యలేదు. గడ్డలు తవ్వడం వచ్చా, చెట్టెక్కడం వచ్చా, తేనె తీయడం వచ్చా అని పరీక్ష పెట్టినారు. మూడు లోకాలేలే దేవుడు కూడా అడవి పని నేర్చుకున్నాకే అల్లుడయ్యాడు. ఈ అడవిలోకి ఎవరొచ్చినా దాని పద్ధతి నేర్చుకోవాలి, ఆ పద్ధతి తెలిసినోళ్లు మేము. ఆ కథలో చెంచులు చెప్పే మాట ఇదే.

శ్రీశైలంలోనూ ఇదే వరస. అక్కడ మల్లన్న చెంచు మల్లయ్య. శివుడు కూడా చెంచుల అల్లుడే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఇటు అహోబిలం, అటు శ్రీశైలం రెండూ మన జిల్లాలోకి వచ్చాయి. ఇద్దరు దేవుళ్లకు పిల్లనిచ్చిన జాతి ఒకే జిల్లాలో ఉంది. ఆ జాతి గూడేల్లో రోడ్డు ఉందా, మంచినీళ్లున్నాయా, బడికి పంతులు వస్తున్నాడా అని అడిగేవాళ్లే తక్కువ.

ఎట్లా బతికినారు

1940లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త కృష్ణకు అవతల, నైజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల పెంటల్లో ఉండి వాళ్ల జీవితం రాసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది, ఆయన శత్రుదేశం పాస్‌పోర్టున్న మనిషి కాబట్టి హైదరాబాద్ రాజ్యం దాటిపోవడానికి లేదు. అట్లా ఇక్కడ ఇరుక్కుపోయిన మనిషి 1943లో చెంచుల మీద ఒక పెద్ద పుస్తకం వేసినాడు. మన పక్క గూడెం అనేదాన్ని అక్కడ పెంట అంటారు, అంతే తేడా.

గుండ్రటి గుడిసె, గడ్డి కప్పు. పొద్దున లేస్తే ఆడ, మగ అందరూ అడవిలోకి. ఇనుప మొన ఉన్న కర్రతో గడ్డలు తవ్వడం, కాలాన్ని బట్టి తునికి, మొర్రి, నేరేడు, ఉసిరి, ఇప్పపువ్వు ఏరుకోవడం. మగవాళ్లకు విల్లంబు, కుక్కలు. దొరికింది ఆ రోజుకు సరిపోతే చాలు. రేపటికి దాచుకోవడం తక్కువ, ఎందుకంటే రేపటిది అడవిలోనే దాచి ఉంది. దీన్ని చూసి మైదానపోళ్లు 'ముందుచూపు లేనోళ్లు' అన్నారు. గాదె నిండా వడ్లు లేకపోతే బతుకే లేదనుకునే మనిషికి, అడవినే గాదె చేసుకున్న మనిషి అర్థం కాడు.

తేనె సంగతి చెప్పుకోవాలి. కొండ చరియకు వేలాడే పెద్ద తేనెపట్టు తీయాలంటే పైనుంచి తాడు కట్టుకొని లోయ మీదికి దిగాలి. పైన తాడు పట్టుకునేది బావమరిది అని పెద్దలు చెప్తారు. తోడబుట్టిన తమ్ముడైనా ఆస్తి కోసమో కోపంతోనో తాడు వదలొచ్చేమో గానీ, తన అక్క ముండమోయాలని ఏ బావమరిదీ కోరుకోడు. ప్రాణాన్ని ఎవరి చేతిలో పెట్టాలో లెక్కగట్టి పెట్టుకున్న బంధుత్వం ఇది. నిమ్మల, తోకల, కాట్రాజు, పులిచెర్ల, దాసరి లాంటి ఇంటిపేర్లు, ఒకే ఇంటిపేరున్నోళ్లు పెళ్లి చేసుకోకపోవడం, మేనరికాలు, ఇవన్నీ ఆ తాడుకు ముడులే. ఆడమనిషికి ఇష్టం లేని పెళ్లి నుంచి బయటికొచ్చే దారి, విధవకు మళ్లీ పెళ్లి చేసుకునే దారి చెంచుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. సంస్కర్తల కోసం వాళ్లు ఎదురుచూడలేదు.

ఏం నమ్మినారు

చెంచుల దేవుళ్లు పెద్ద గుళ్లలోనే లేరు. హైమెండార్ఫ్ రాసిన ప్రకారం వాళ్లు ఎక్కువగా తలచుకునేది గారెల మైసమ్మను. అడవిలో జంతువులు, కాయలు, గడ్డలు అన్నీ ఆమెవి. వేటకు పోయేముందు ఆమెను అడగాలి, వేట దొరికితే మొదటి ముక్కలు కాల్చి ఆమెకు పెట్టాలి. పూర్వం ఆడ జంతువును కొట్టేవాళ్లు కాదని, కొడితే మైసమ్మకు కోపమొస్తుందని ముసలివాళ్లు ఆయనకు చెప్పినారు. పైన భగవంతారు అనే దేవుడున్నాడు, వానా ఉరుమూ ఆయనవి. అంకాలమ్మ ఉంది, లింగమయ్య ఉన్నాడు. చనిపోయినోళ్లకు చిన్నదినం, పెద్దదినం ఉన్నాయి.

ఆడ జంతువు మాట మళ్లీ చదవండి. సంరక్షణ అనే పదం ఫారెస్టు ఫైళ్లలోకి రాకముందే మైసమ్మ కోపం అనే పేరుతో ఆ నియమం నల్లమలలో ఉంది. చదువుకున్నాక మనం చేసే పెద్ద తప్పు, ఇట్లాంటి వాటిని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం. అట్లాగని అన్నీ గొప్పవని కూడా నేను అనను. జ్వరమొస్తే మంత్రమేసే ఆయన దగ్గరే ఆగిపోయి, ఆస్పత్రికి ఆలస్యమై పోయిన ప్రాణాలు ప్రతి ఆదివాసీ జాతిలోనూ ఉన్నాయి. అయితే ఆస్పత్రి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు తప్పు మంత్రానిది ఎంత, దూరానిది ఎంత అని కూడా అడగాలి.

హక్కు ఎప్పుడు పోయింది

1800లో నిజాం మన సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. కోవెలకుంట్ల పక్క అప్పుడే ఇంగ్లీషోళ్ల కిందికి పోయింది. కర్నూలు నవాబు రాజ్యం 1839 దాకా మిగిలింది. ఆ కాలంలో నల్లమల కనుమల్లో చెంచులు దారికాపలాదారులు. శ్రీశైలం యాత్రికులకు దారి చూపడం, మృగాల నుంచి, దొంగల నుంచి కాపాడటం, దానికి రుసుం తీసుకోవడం వాళ్ల మిరాశీ హక్కు. కొండ కింద ఊళ్లలో తలారి పని కూడా చేసేవాళ్లు. అంటే రాజ్యం వాళ్లను అడవికి హక్కుదారులుగానే చూసింది.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడి ఇంగ్లీషోళ్లతో తలపడ్డాడు. ఆయన వెంట నడిచినవాళ్లలో బోయలు, చెంచులు ఉన్నారని చరిత్రకారులు రాసినారు. నల్లమల ఆయనకు దాపు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీశారు. 2019లో వచ్చిన సినిమా మనందరం చూసినాం. తెల్లోడికి తెలియని ఆ కొండదారులు తిరుగుబాటుదారులకు ఎవరు చూపించి ఉంటారో సినిమా చూస్తూ మనం అడగలేదు.

అసలు దెబ్బ తుపాకీతో రాలేదు, కాగితంతో వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం. రిజర్వు అడవి అని గీత గీసి, అందులో పోడు, మేపు, వేట, నిప్పు, నరకడం అన్నిటికీ అనుమతి కావాలన్నారు. అదే 1880ల్లో నంద్యాల నుంచి గాజులపల్లె, చెలమ, బొగద మీదుగా కొండ తొలిచి రైలుమార్గం వేసినారు. రైలుకు స్లీపర్లు కావాలి, పట్టణాలకు కలప, వంటచెరకు కావాలి. అడవికి ఉన్నట్టుండి ధర వచ్చింది. ధర వచ్చిన రోజునుంచి అక్కడ ముందునుంచీ ఉన్న మనిషి అడ్డమయ్యాడు. అడ్డమైన మనిషిని కూలీగా మార్చుకున్నారు. తాను ఏరుకునే తేనె, కరక్కాయ, చింతపండు మీద కాంట్రాక్టరు వేలంపాట పాడుకున్నాడు. ఆయన దగ్గర తీసుకున్న బియ్యం, పొగాకు అప్పుకు చెంచు తన అడవి సరుకునే కిట్టుబాటు లేని ధరకు ఇచ్చుకున్నాడు.

ఆ కాలంలో దొరలు రాసిన పుస్తకాలు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1846లో కెప్టెన్ న్యూబోల్డ్ వ్యాసం, 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్, 1909లో థర్‌స్టన్ సంపుటాలు, అన్నిటిలోనూ చెంచుల జుట్టు, ముక్కు, ఎత్తు, బట్టలు వర్ణించినారు. మనిషిని కొలిచినారు. మనిషి దగ్గర్నుంచి తీసుకున్న అడవిని మాత్రం ఆ లెక్కలో రాయలేదు.

కృష్ణకు అవతల మాత్రం 1940ల్లో హైమెండార్ఫ్ సలహా మీద నైజాం ప్రభుత్వం చెంచుల కోసం సుమారు లక్ష ఎకరాల రిజర్వును ఏర్పాటు చేసింది. ఇవతల మద్రాసు పక్క మనకు అట్లాంటిది రాలేదు. ఈ తేడా ఇప్పటికీ తీరలేదు. స్వాతంత్య్రం వచ్చాక రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతాలు ప్రకటించినప్పుడు అమ్రాబాద్ పక్క కొన్ని చెంచు ఊళ్లు అందులో చేరాయి. నంద్యాల పక్క గూడేలు చేరలేదు. అందుకే భూబదలాయింపు నిషేధించే 1/70 చట్టం గానీ, 1996 పెసా చట్టం గానీ మన చెంచులకు వర్తించవు. ఒకే జాతి, ఒకే నల్లమల, మధ్యలో ఒక నది. అవతలి గట్టున ఉన్న రక్షణ ఇవతల లేదు.

పులికి వచ్చిన ఇల్లు

1975 నుంచి చెంచులను ఆదిమ గిరిజన తెగగా గుర్తించినారు. ఇప్పుడు దాన్నే పీవీటీజీ అంటున్నాం. శ్రీశైలంలో చెంచుల కోసం ఐటీడీఏ వచ్చింది. నాగళ్లు, ఎద్దులు ఇచ్చి రైతుల్ని చేద్దామన్నారు, పక్కా ఇళ్లు కట్టినారు, ఆశ్రమ పాఠశాలలు పెట్టినారు. కొన్ని పనికొచ్చాయి, కొన్ని రాలేదు. వ్యవసాయం తరాలుగా నేర్చుకునే పని. ఒక జత ఎద్దులతో ఒక్క ఏడాదిలో రాదు.

అదే కాలంలో అడవికి ఇంకో పేరొచ్చింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ ప్రాజెక్టు. 3,500 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం అయ్యింది. 1990లో నంద్యాల, గిద్దలూరు మధ్య గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వచ్చింది. పులి బతకాలి, అందులో రెండో మాట లేదు. కానీ పులి, చెంచు కొన్ని వందల ఏళ్లు ఒకే అడవిలో కలిసి బతికినారు. పులులు తగ్గింది చెంచు బాణంతో కాదు. దొరల, జమీందార్ల తుపాకీ వేటలతో, కలప కోసం అడవి నరకడంతో, ఆ తర్వాత చర్మాల వ్యాపారంతో. ఈ రోజు ఫారెస్టు బేస్ క్యాంపుల్లో పులి అడుగులు గుర్తుపట్టి చూపించే వాచర్లలో చెంచులు ఉన్నారు. ఆయన తెలివి డిపార్టుమెంటుకు కావాలి. ఆయన గూడెం మాత్రం కోర్ ఏరియాలో సమస్య.

సముద్రం అవతల ఇదే కథ

ఇది మన నల్లమలకే వచ్చిన కష్టమని అనుకోవద్దు. మధ్య ఆఫ్రికాలో కాంగో దేశపు ఇటూరి అడవిలో ఎంబూటి అనే జనం ఉన్నారు. పొట్టిగా ఉంటారని ప్రపంచం వాళ్లను పిగ్మీలు అని పిలిచింది. కొలిచి పేరు పెట్టడం అక్కడా మామూలే. వలలు కట్టి వేటాడతారు, తేనె తీస్తారు, గడ్డలు తవ్వుతారు. కాలిన్ టర్న్‌బుల్ అనే ఆయన వాళ్లతో ఉండి 1961లో పుస్తకం రాసినాడు. వాళ్లకు అడవే తల్లి, అడవే తండ్రి. ఎవరన్నా చనిపోతేనో, వేట దొరక్కపోతేనో, అడవి నిద్రపోయింది కాబట్టే ఇట్లయ్యింది అనుకుంటారు. అందుకని రాత్రుళ్లు పాటలు పాడి అడవిని నిద్రలేపుతారు. అడవి లేస్తే తన బిడ్డల్ని చూసుకుంటుందని నమ్మకం. మన మైసమ్మకు, ఆ పాటకు పెద్ద దూరం లేదు. అడవి అంచున ఉండే రైతుల ఊళ్లకు మాంసం, తేనె ఇచ్చి అరటికాయలు, ఇనుము తెచ్చుకుంటారు. ఆ రైతులు 'వీళ్లు మా మనుషులు' అని యజమానుల్లాగా మాట్లాడతారు. ఇది కూడా మనకు తెలిసిన సంగతే.

అదే కాంగోలో తూర్పున కహుజి-బియేగా అడవిని గొరిల్లాల కోసం 1970లో జాతీయ పార్కు చేసినారు. అక్కడుండే బట్వా జనాన్ని నష్టపరిహారం లేకుండా బయటికి పంపినారు. అడవి బయట వాళ్లకు భూమి లేదు, పని లేదు, రోగాలు మిగిలాయి. వాళ్లు ఊరుకోలేదు. కేసు వేసి ఏళ్ల తరబడి పోరాడితే, ఆఫ్రికా మానవహక్కుల కమిషన్ వాళ్ల హక్కుల్ని కాంగో ప్రభుత్వం ఉల్లంఘించిందని తేల్చింది. ఆ తీర్పు 2024లో బయటికొచ్చింది. పక్కనే ఉన్న ఇంకో కాంగో, బ్రాజవిల్ రాజధానిగా ఉన్నది, 2011లోనే ఆదివాసుల హక్కులకు ప్రత్యేక చట్టం చేసింది.

వాళ్ల కథ చదివితే నాకు అర్థమైంది ఒకటే. ఆదివాసికి ఏం కావాలో ఎప్పుడూ వేరేవాళ్లే చెప్తుంటారు. ఒకరు దేవుడు కావాలంటారు, ఒకరు బట్టలు కావాలంటారు, ఒకరు ఎద్దులు, ఒకరు పక్కా ఇల్లు. వాళ్లను అడిగితే మొదట చెప్పేది మాత్రం రెండు ఖండాల్లోనూ ఒకటే: మా అడవిలో మమ్మల్ని ఉండనీయండి, మా పిల్లలకు బడి, ఆస్పత్రి ఇక్కడికి రానీయండి.

ఇప్పుడు చేతిలో ఏముంది

మన చేతిలో 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2008 జనవరి 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. చాలామంది మన పిల్లలకు ఇది పట్టాల చట్టం అని మాత్రమే తెలుసు, నాలుగు హెక్టార్ల దాకా సాగుభూమికి పట్టా. అందులో చెంచుల కోసమే అన్నట్టు ఒక ముక్క ఉంది, సెక్షన్ 3(1)(ఇ). ఆదిమ తెగలకు, వ్యవసాయానికి ముందు దశలో ఉన్న జనాలకు తమ ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కు. అంటే గుడిసె ఉన్న స్థలం ఒక్కటే కాదు. తేనె తీసే కొండ, గడ్డలు తవ్వే చోటు, మైసమ్మ రాయి, పెద్దల్ని పూడ్చిన నేల, నడిచే దారులు, అన్నీ కలిపి ఆవాసం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతం అనే షరతు లేదు. అడవి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. నది ఇవతల మనకు రాని రక్షణలో కొంత ఈ దారిలో రావచ్చు. 2012 సవరణ నియమాలైతే, పీవీటీజీలకు ఆవాస హక్కులు అందేట్టు చూసే బాధ్యత జిల్లా స్థాయి కమిటీదే అని చెప్పినాయి. ఆ కమిటీకి అధ్యక్షుడు కలెక్టరు. అభయారణ్యమైనా సరే, హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించకూడదు. మధ్యప్రదేశ్‌లో దిండోరీ జిల్లా బైగాలకు, 2023లో ఛత్తీస్‌గఢ్‌లో కమార్లకు ఈ ఆవాస హక్కు వచ్చింది. వాళ్లకు వచ్చినప్పుడు చెంచులకు ఎందుకు రాదు?

రుజువులు ఎట్లా అనే భయం ఉంటుంది. చెంచు దగ్గర పాత కాగితం ఎక్కడుంది? చట్టమే దారి చూపింది. పెద్దలు చెప్పిన మాట రాసిపెట్టినా సాక్ష్యమే. సమాధులు, పూజాస్థలాలు సాక్ష్యమే. పాత గెజిటీర్లు, పరిశోధన పుస్తకాలు సాక్ష్యమే. దొరలు ముక్కులు కొలిచి రాసిన ఆ పుస్తకాలు ఇప్పుడు మన పనికొస్తాయి. తిరుమంగై ఆళ్వారు పాట, పారువేట పల్లకి ముందు విల్లు కూడా ఈ జనం ఈ కొండకు ఎంత పాతవాళ్లో చెప్పేవే.

2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం దేశంలోని 75 పీవీటీజీ తెగలకు ఇల్లు, రోడ్డు, నీళ్లు, అంగన్‌వాడీ, వైద్యం అందించాలని పెట్టింది. మంచిదే. కానీ దేనికైనా ఆధార్, కులధృవీకరణ, బ్యాంకు ఖాతా కావాలి. పుట్టిన తేదీ తెలియని మనిషి, పేరు ఒక కార్డులో ఒకరకంగా ఇంకో కార్డులో ఇంకోరకంగా పడిన మనిషి అక్కడే ఆగిపోతాడు.

మనం చేయగలిగింది

ఇప్పుడు కొంచెం చేదు మాట. నేను సుగాలి తండాలో పుట్టినోణ్ణి. ఈ గ్రూపులో ఎక్కువమంది సుగాలీలం, ఎరుకలోళ్లం, యానాదులం. చెంచు పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు దాదాపు 64 వేలు. ఎస్టీ అనే ఒకే గొడుగు కింద అందరం నిలబడ్డాం, కానీ ముందు నిలబడ్డోళ్లకు తడవడం లేదు, అంచున నిలబడ్డ చెంచు తడుస్తున్నాడు. మనకు సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది అంటే మన కష్టం ఉంది, కాదనను. అయితే మైదానపోళ్లు మనల్ని చూసినట్టు మనం చెంచుల్ని చూడకూడదు. 'వాళ్లు మారరు' అనే మాట మన నోట్లోంచి రాకూడదు.

అందుకే నా విన్నపం. ఈ సెలవుల్లో ఆళ్లగడ్డ, రుద్రవరం, ఆత్మకూరు పక్కనున్న మన మెంబర్లు ఇద్దరిద్దరుగా ఒక్కో గూడేనికి పోదాం. సలహాలు చెప్పడానికి వద్దు, రాయడానికి పోదాం. ఎవరికి ఆధార్ లేదు, ఎవరికి పట్టా దరఖాస్తు తిరస్కరించినారు, ఏ కారణం రాసినారు, ముసలివాళ్లకు గుర్తున్న గూడేల పేర్లు, తేనె కొండల పేర్లు, వాగుల పేర్లు, పెద్దల సమాధులు ఎక్కడున్నాయి, అన్నీ వాళ్లు చెప్పినట్టే రాసుకుందాం. గూడెం పెద్దమనుషులు ఒప్పుకుంటేనే రాయాలి, రాసింది వాళ్లకే ఇవ్వాలి. సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బి. ఆవాస హక్కుకు కూడా అందులోనే చోటుంది. మనలో లా చదివేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, నింపడంలో సాయం చేయండి. గూడెంలో ఒక్క చెంచు పిల్ల పది చదివి ఉన్నా ఆ పిల్ల చేతే రాయిద్దాం. మనం పక్కన కూర్చుందాం.

వచ్చే కనుమకు పల్లకి మళ్లీ బయలుదేరుతుంది. చెంచులు మళ్లీ విల్లంబులతో వస్తారు, మనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తాం. ఆ లోపల ఒక్క గూడెం దరఖాస్తు అయినా గ్రామసభ ముందుకు పోతే, ఆ వీడియో కింద రాసుకోవడానికి మన దగ్గర ఒక నిజమైన మాట ఉంటుంది.

ఎవరు ఏ గూడేనికి పోగలరో కింద రాయండి. చెంచు తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నేను రాసిందాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా దిద్దండి. ఇది మీ చరిత్ర, చివరి మాట మీదే.

జై ఆదివాసీ.